రెండు వందల పన్నెండు మాటలు

చేతిలో టోకెను అరవై నాలుగు, గోడ మీద వెలుగుతున్న ఎర్ర అంకె నలభై ఒకటి, ఒడిలో తువ్వాల్లో చుట్టిన ట్యాబ్. తువ్వాలు ఎందుకంటే దాని వీపు ఉబ్బింది. లోపలి బ్యాటరీ పొంగి, వెనక రేకుని తోసుకుంటూ వచ్చి, ఒక మూల వేలు దూరేంత సందు చేసుకుంది. దాన్ని నొక్కకమ్మా, మంట అంటుకుంటుంది అని మా అమ్మాయి పదిసార్లు చెప్పింది. అందుకని పురిటిబిడ్డని మోసినట్టు రెండు చేతుల మీదా మోసుకొచ్చాను, బిడ్డ మీద ఉండే ప్రేమ మాత్రం ఏ కోశానా లేదు. కోపం ఉంది. పొద్దున్న పళ్ళు తోముకుంటున్నప్పుడే మొదలైంది, కారు పార్కింగులో పెట్టేసరికి మెడదాకా వచ్చింది, ఇక్కడ ఈ సర్వీసు సెంటరు ప్లాస్టిక్ కుర్చీలో ఇరవై మూడు మంది వెనక కూర్చునేసరికి పోవడానికి దారి లేక లోపలే తిరుగుతోంది. కోపం వస్తే అందరికీ గొంతు లేస్తుంది. నాకు మెడ కింద గుడ్డ కప్పిన చిల్లులోంచి గాలి వడివడిగా బయటికొస్తుంది, బుస్సుమని, అంతే. పక్క కుర్చీలో పెద్దాయన ఆ చప్పుడికి రెండుసార్లు తిరిగి చూశాడు. ఉబ్బసం అనుకున్నట్టున్నాడు, కిటికీ వైపు చోటు ఇవ్వబోయాడు. ఉబ్బసం కాదు బాబూ, తిట్లు. గంటసేపటి నుంచి తిడుతున్నాను, అందులో మీరు లేరు, మీరు హాయిగా కూర్చోండి.

వచ్చీ రాగానే కౌంటర్లో ఆవిడకి చీటీ ఇచ్చాను. ఇంట్లోనే రాసి పెట్టుకున్న చీటీ: నాకు మాట రాదు, చెవులు బాగానే వినిపిస్తాయి, ఈ ట్యాబ్ ఆన్ కావడం లేదు, ఇందులో నా గొంతు రికార్డులు ఉన్నాయి, అవి కావాలి. ఆవిడ చదివింది, తలెత్తి, హాలంతా వినేలా, కూర్చోండి మేడమ్ పిలుస్తాం అని అరిచింది. చెవి చూపించి, వినబడుతోందని తల ఊపాను. ఆవిడ ముఖంలో జాలి ఇంకో రెండు పాళ్ళు పెరిగింది. నా చీటీనే వెనక్కి తిప్పి, ఒకటో తరగతి పిల్లలకి రాసినట్టు, కూకీ ర్చోకీ మధ్య జాగా వదిలి మరీ, కూర్చోండి పిలుస్తాం అని రాసిచ్చింది. వినపడని మనిషిని ఎలా పిలుస్తావు తల్లీ. మూడో వరసలో కూర్చుని దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇలాంటివి ఇంట్లో ఒక డబ్బా నిండా ఉన్నాయి. మందుల షాపాయన రాసినవి, బస్సులో ఒకావిడ రాసింది, మా పిన్నత్తగారు రాసింది కూడా ఒకటుంది, ఆవిడ నా పెళ్ళినాటి నుంచీ నాతో మాట్లాడుతున్న మనిషి, ఆపరేషన్ అయి చూడడానికొచ్చి నా ఎదురుగా కూర్చుని ఎలా ఉన్నావని కాగితం మీద రాసి చూపించింది. గొంతు తీసేస్తే చెవులు కూడా తోడు వెళ్ళిపోతాయని లోకానికి ఎవరు చెప్పారో.

నలభై ఆరు. పంతొమ్మిదేళ్ళు కారు నడపడం నేర్పాను. ఎడమ సీట్లో కూర్చుంటాను, నా కాళ్ళ దగ్గర రెండో క్లచ్చూ రెండో బ్రేకూ ఉంటాయి, కానీ అవి నూటికి ఒకసారి. మిగతా తొంభై తొమ్మిదీ గొంతే. కొత్తగా స్టీరింగు పట్టుకున్న మనిషికి కళ్ళు రోడ్డుకి అతుక్కుపోయి ఉంటాయి, పక్కన ఏం చూపించినా చూడరు, చేయి ఊపితే ఇంకా బెదురుతారు, వాళ్ళకి మిగిలినవి చెవులే. ఆ చెవుల్లోకి వెళ్ళే గొంతు తొందరపడకూడదు, బతిమాలకూడదు. అద్దం చూడండి. క్లచ్ మెల్లగా వదలండి. ఇంకా మెల్లగా. ఎడమ ఇండికేటర్. నేనున్నాను, పోనివ్వండి. ఆపండి. ఆపండి అన్న మాట నేను ఒకే స్థాయిలో అనేదాన్ని, అరిచేదాన్ని కాదు. అరిస్తే పాదం బ్రేకుకి బదులు ఎక్సలేటరు మీద పడుతుంది, చాలామందికి పడుతుంది. గట్టిగా చెప్పకుండా బలంగా చెప్పడం రావడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. మా డ్రైవింగ్ స్కూలు ఓనరు కొత్తగా చేరినవాళ్ళని నా కారు వెనక సీట్లో కూర్చోబెట్టేవాడు, ఆవిడ మాట వినండి చాలు అనేవాడు. ఆ మాటే మెడలో కణితి అయింది. మొదట బొంగురు, తర్వాత నీళ్ళు మింగితే నొప్పి, తర్వాత ఒక గదిలో నలుగురు డాక్టర్లు, తీసెయ్యాలి, పూర్తిగా, స్వరపేటిక మొత్తం, మూడు వారాల్లో. ప్రాణం ఉంటుంది. మాట ఉండదు. మా ఆయన నా చేయి పట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం వచ్చే నెల పరీక్షకి వెళ్ళాల్సిన ఐదుగురి గురించి ఆలోచిస్తున్నాను, వాళ్ళకి రివర్సు ఇంకా రాదు.

ఆ మూడు వారాల్లో మాటల డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. చిన్నపిల్లలా ఉండేది, జడ వేసుకుని, కానీ మాట తిన్నగా చెప్పేది. నత్తివాళ్ళకీ పక్షవాతం వచ్చినవాళ్ళకీ మాట నేర్పడం ఆవిడ పని, నాకు మాత్రం నేర్పడానికి ఏమీ లేదని చెప్పేసింది, దాచుకోవడానికి ఉందంది. ఉన్న గొంతుతో ఇప్పుడే రికార్డు చేసుకోండి, మీరు రోజూ వాడే మాటలన్నీ. తర్వాత ట్యాబ్‌లో ఒక్కో మాటకి ఒక్కో గడి పెడదాం, గడి నొక్కితే మీ గొంతే పలుకుతుంది. కొత్త మాట కావాలంటే టైపు చెయ్యాలి, అది యంత్రం గొంతు. మెడకి ఆనించి మాట్లాడే బజ్జరు కూడా ఒకటి ఉంది, కానీ చికిత్స తర్వాత మీ చర్మం గట్టిపడితే అది పట్టదు. పట్టలేదు కూడా. అలా గ్యారేజీలో షట్టరు దించి, కారు అద్దాలు ఎత్తి, దుప్పటి కప్పుకుని, నాలుగు రోజులు నేరుగా ట్యాబ్‌లోకే మాట్లాడాను. రెండు వందల పన్నెండు మాటలు. మొదట రోడ్డు మాటలు, తర్వాత ఇంటి మాటలు, చివర్లో మా అమ్మాయి చీటీ రాసి తెచ్చినవి. నన్ను తిట్టేవి కూడా చెయ్యమ్మా, లేకపోతే నాకు తోచదు అంది. సరే అని తిట్టాను, దుప్పటి కింద, చెమటలు కారుతూ, మొద్దు నిద్రా లే, ఆ ఫోను అవతల పడెయ్, గిన్నె సింకులో వెయ్యడం కాదు కడుగు. అన్నిటికన్నా చివర, నవ్వు కూడా కావాలంది. నవ్వు రాలేదు. అప్పుడు అది దుప్పటిలోకి తల దూర్చి ఏదో వెధవ మాట అంది, ఇద్దరం నవ్వాం, అది రికార్డయింది.

యాభై. ట్యాబ్ కొన్న రోజు గుర్తొస్తే ఆ పెద్దాయన మళ్ళీ నా వైపు చూస్తాడు, గాలి అలా కొడుతుంది. డాక్టరమ్మ ఒక కాగితం రాసిచ్చింది. ఎండలో తెర కనిపించాలి. మోత చప్పుడులో కూడా వినపడేంత స్పీకరు. వేడికి ఆగిపోకూడదు. బ్యాటరీ పోతే మార్చుకునేలా ఉండాలి. కంపెనీ ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తుందో అడగండి. రికార్డుల కాపీ బయటికి తీసుకునే వీలుందో చూడండి. కింద గీత గీసి, అందంగా ఉందా అని అడగొద్దు అని కూడా రాసింది. ఆ కాగితం నా చేతిలో ఉంది. పక్కన మా మరిది ఉన్నాడు, మా ఆయన తమ్ముడు, మంచివాడే, ఆ మంచితనమే నా ప్రాణం తీస్తుంది, ఎవరింట్లో ఏ వస్తువు కొన్నా ముందు నడిచే మనిషి. కాగితం నా చేతిలోంచి తీసుకుని చదివి నవ్వాడు. వదినా, ఇవన్నీ పాతకాలం అనుమానాలు, ఇప్పుడు ఏ బ్యాటరీ అయినా ఏళ్ళ తరబడి వస్తుంది, రికార్డులు వాటంతట అవే పైన క్లౌడ్‌లో ఎక్కడో దాక్కుంటాయి, నువ్వు ఊరికే బుర్ర పాడు చేసుకోకు. అమ్మే అతను ఒకటి తీసి చూపించాడు. పలచగా, అప్పడంలా. దాని మీద సముద్రం ఆడుతోంది, చేపలు రంగులు మార్చుకుంటున్నాయి. దాని కెమెరా గురించి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు కెమెరా ఎందుకు. సినిమా హాల్లో ఉన్నట్టు ఉంటుందన్నారు. నాకు సినిమా ఎందుకు. నేను అడగాల్సింది ఒకటే, దీన్ని బయట ఎండలోకి తీసుకెళ్ళి చూస్తాను అని. అడగలేదు. ఇక్కడే, ఈ చోటే నా కోపం అందరినీ వదిలి నా మీదికే వస్తుంది. అప్పటికి ఇంకా పదకొండు రోజులు నా గొంతు నాకుంది. బొంగురుగా ఉన్నా ఉంది. ఎందరికో ఆపండి అని చెప్పి ఆపిన గొంతు. ఆ షాపులో నిలబడి, మరిది నొచ్చుకుంటాడని, వాళ్ళన్నయ్య ఆపరేషన్ ఖర్చులతో సతమతమవుతుంటే తోడు నిలబడ్డవాడని, నేను ఎదురు చెబితే బాగుండదని, సరే నీ ఇష్టం అన్నాను. నా గొంతుతో నేను అన్న ఆఖరి పనికొచ్చే మాటల్లో ఒకటి, నీ ఇష్టం.

యాభై మూడు. గోడకున్న పెద్ద తెర మీద ఇదే కంపెనీ కొత్త ట్యాబ్ ప్రకటన తిరుగుతోంది. అది ఇంకా పలచన. గడ్డిలో పడుకుని ఒక అమ్మాయి దాని మీద బొమ్మలు గీస్తోంది. ఎండ లేదు ఆ గడ్డి మీద, గమనించారా, మబ్బు పట్టిన రోజు చూసి తీశారు. నా ట్యాబ్ సంగతి మొదటి వారంలోనే బయటపడింది. పొద్దున్న తొమ్మిదింటికి కారులో పెడితే తెర అద్దంలా మారి నా ముఖం నాకే చూపించేది, గడులు కనపడవు, ఎక్కడ ఏ గడి ఉందో వేలితో గుర్తు పెట్టుకుని నొక్కేదాన్ని. హైవే మీద ఇంజను మోతలో దాని గొంతు, అంటే నా గొంతు, దోమలా వినిపించేది. ఎండాకాలం వచ్చాక డాష్‌బోర్డు మీద ఉన్నది ఉన్నట్టే, వేడెక్కింది చల్లారనివ్వండి అని ఒక వాక్యం చూపించి కళ్ళు మూసుకునేది. ఎవరి వేడి ఎవరు చల్లార్చాలి. తడిగుడ్డ చుట్టేదాన్ని, ఏసీ గాలి దాని మీదికి తిప్పి నేనూ నేర్చుకునేవాళ్ళూ ఉడికిపోయేవాళ్ళం. ఏడాది తిరగగానే అప్‌డేట్లు ఆగిపోయాయి. మాటల యాప్ కొత్తది వచ్చింది, మా ట్యాబ్‌కి అది పట్టదట, పాతది నత్తలా నడుస్తోంది. మా అమ్మాయి అప్పుడు లోపల వెతికి చూసి తెల్లముఖం వేసుకుని చెప్పింది, అమ్మా, పైన ఎక్కడా ఏమీ దాక్కోలేదు, ఆ మీట ఎవరూ వెయ్యనే లేదు. ఇప్పుడు వేద్దామంటే వెయ్యడానికి కూడా కొత్త యాప్ కావాలి. వైరు పెట్టి లాగుదామని ఆదివారం అనుకున్నాం. ఆదివారానికి రెండు రోజుల ముందు బేకరీ ఆవిడ.

బేకరీ ఆవిడకి యాభై ఏళ్ళు, షాపులకి రొట్టెలు వెయ్యడానికి సొంత వ్యాను కొనుక్కుంది, నడపడానికి తమ్ముణ్ణి బతిమాలి బతిమాలి విసిగి తనే నేర్చుకుంటానని వచ్చింది. చేతులకి ఎప్పుడూ పిండి వాసన ఉండేదట, మిగతావాళ్ళు చెప్పేవాళ్ళు, నాకు వాసనలు సరిగా తెలియడం మానేశాయి, ముక్కుతో పీల్చనుగా. నాలుగు రోడ్ల కూడలి, పచ్చ దీపం, ఆవిడ కుడికి తిప్పుతోంది, బాగానే తిప్పుతోంది, ఎడమ నుంచి సైకిలు మీద ఒక మనిషి వెనక గ్యాసు సిలిండరు కట్టుకుని దీపం చూసుకోకుండా వచ్చేస్తున్నాడు. నేను ఆపండి నొక్కాను. ఏమీ పలకలేదు. మళ్ళీ నొక్కాను. కాళ్ళు వాటంతట అవే రెండో బ్రేకు మీద పడ్డాయి, కారు గుంజుకుని ఆగింది, సైకిలు బోనెట్టుకి జానెడు దూరంలోంచి వెళ్ళిపోయింది, ఆ మనిషి వెనక్కి కూడా చూడలేదు. అంతా ఆగిపోయి, ఇంజను కూడా ఆగిపోయి, ఆవిడ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చున్నప్పుడు, ట్యాబ్‌లోంచి నా గొంతు ప్రశాంతంగా అంది, ఆపండి. ఒక్క క్షణం ఆగి మళ్ళీ, ఆపండి. ఆవిడ నవ్వింది, భయంతో వచ్చే నవ్వు, తర్వాత ఏడ్చింది. నేను ఆవిడ వీపు నిమిరాను. నేనున్నాను పోనివ్వండి అన్న గడి నొక్కితే అప్పటికే తెర నల్లబడిపోయింది, మర్నాటికి వీపు ఉబ్బింది. ఓనరు మంచిగానే చెప్పాడు, మీరంటే నాకు గౌరవం మేడమ్, కానీ జరగరానిది జరిగితే ఎవరం ఏం చెప్పుకుంటాం, ఏదో ఒకటి తేల్చుకుని నెలాఖరులోగా రండి, లేకపోతే ఆఫీసులో ఫారాలు నింపే పని చూద్దాం. ఫారాలు. ఆవిడ మాట వినండి చాలు అన్న నోటితోనే.

అరవై ఒకటి వెలిగినప్పుడు మరిది వచ్చాడు. నేను రమ్మనలేదు, మా ఆయన పంపించాడు, ఒక్కదానివే ఎలా చెప్పుకుంటావని. అద్దాల తలుపు తోసుకుని, నవ్వుతూ, నా చేతిలోని తువ్వాలు మూట చూసి అరె ఇంత ఉబ్బిందా అని, దానికి ఆశ్చర్యపడి, ఏం కంగారు పడకు వదినా నేను మాట్లాడతాగా అన్నాడు. సరిగ్గా ఆ మాటకే భయపడ్డాను. అరవై నాలుగు వెలగ్గానే నాకన్నా ముందు కౌంటరు దగ్గరికి వెళ్ళి మోచేతులు ఆనించి నిలబడ్డాడు. ఆవిడ ట్యాబ్ అటూ ఇటూ తిప్పి, లోపలికి తీసుకెళ్ళి, ఐదు నిమిషాల్లో వచ్చి, నా వైపు కాదు, అతని వైపు చూసి చెప్పింది. బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుంది సర్, మేం తియ్యం, వెనక భాగం మొత్తం మార్చాలి, ఈ మోడలు పార్టులు రావడం ఆగిపోయింది. పాతది మాకిచ్చేస్తే కొత్త మోడలు మీద తగ్గింపు ఉంది. లోపలున్నవన్నీ తుడిచేస్తాం, దానికి మీరు సంతకం పెట్టాలి.

"సరే, అలాగే కానివ్వండి," అన్నాడు మరిది. "మా వదినకి మాట రాదు, నేను పెడతాను సంతకం. వదినా, కొత్తది ఇంకా పలచన చూడు."

కాగితం అతని ముందు ఉంది, పెన్ను అతని చేతిలో ఉంది, పెన్ను ములికి కాగితానికి ఆనింది. అందులో నా నవ్వు ఉందని అతనికి తెలుసా, తెలుసు, వాళ్ళ అన్న కూతురు వందసార్లు చెప్పింది, అయినా తెలియదు, ఏది పోతుందో అతనికి కళ్ళకి కట్టదు, ఎందుకంటే అతని గొంతు అతని మెడలోనే ఉంది. నాలో ఏదో కాళ్ళ దాకా దిగింది. బ్రేకు వేసినప్పుడు ఎలా దిగుతుందో అలా. పెన్ను లాక్కున్నాను. అతని వేళ్ళ మధ్యలోంచి, గోరు గీరుకుంది కూడా. ఆ ఫారం మీదే, సంతకం పెట్టాల్సిన గీత మీద, వద్దు అని రాశాను. అతను వదినా అన్నాడు. దాని కింద ఇంకోసారి వద్దు. కౌంటరావిడ కాగితం తన వైపు తిప్పుకుంది. మూడోసారి రాసేటప్పుడు కాగితం చిరిగింది. రాసి, ట్యాబ్ మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నాను. హాల్లో వాళ్ళంతా చూస్తున్నారని నాకు తెలుసు, చూడనీ. మెడలోంచి గాలి ఏ మోటారు చప్పుడులానో వస్తోంది. అప్పుడు ఆవిడ మొదటిసారి నా కళ్ళలోకి చూసి, మామూలు గొంతుతో, నిజానికి చాలా తగ్గించిన గొంతుతో అంది, "మేడమ్, నేను చెప్పానని అనకండి. బస్టాపు వెనక సందులో మూడో షాపు, రేకు తలుపు. ఆయన తెరుస్తాడు ఇలాంటివి. రికార్డులు ముఖ్యం అంటే ముందు అక్కడికి వెళ్ళండి."

సందులో ఎండ నిలువునా పడుతోంది. మరిది వెనకే వస్తూ నసుగుతున్నాడు, అలాంటి చోట్ల ఉన్నది కూడా పోగొడతారని, గ్యారంటీ ఉండదని. గ్యారంటీ. రిపేరాయన షాపు మంచమంత ఉంది. ఆయన భూతద్దం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నా చీటీ చదివాడు, చదివాక రాయలేదు, అరవలేదు, పక్కన బల్ల చూపించి కూర్చోమ్మా అన్నాడు. వెచ్చటి పలక మీద ట్యాబ్ అంచు ఆనించి కాసేపు ఉంచి, పలచటి ప్లాస్టిక్ బద్దతో వీపు ఊడదీశాడు. దిండులా పొంగిన బ్యాటరీని, నెమ్మదిగా, జిగురు కింద బద్ద జరుపుతూ, నేను క్లచ్ గురించి చెప్పే పద్ధతిలోనే, మెల్లగా, ఇంకా మెల్లగా, తీసి ఇసుక డబ్బాలో పెట్టాడు. బల్ల మీది కరెంటు పెట్టెలోంచి రెండు వైర్లు నేరుగా లోపలికి తగిలించాడు. తెర వెలిగింది. మా అమ్మాయి పెట్టిన పసుపు రంగు గడులు. ఎక్కువసేపు నిలవదమ్మా, లోపల బోర్డు కూడా వేడికి దెబ్బతింది, వచ్చినన్ని లాగుదాం అన్నాడు. పక్కన కంప్యూటరు మీద ఒక్కో పేరూ వరసగా దిగుతోంది, అద్దం చూడండి, క్లచ్ వదలండి, ఆపండి, అంకె పెరుగుతోంది, తొంభై, నూట ఇరవై, నేను ఊపిరి బిగబట్టాను, బిగబట్టడానికి మెడ మీద వేలు పెట్టుకోవాలి, పెట్టుకున్నాను. నూట అరవై ఎనిమిది దగ్గర ఆగింది. తెర ఆరిపోయింది. ఆయన వైర్లు మార్చాడు, చల్లార్చాడు, మళ్ళీ వెలిగించబోయాడు, నాలుగుసార్లు. ఐదోసారి అడ్డంగా తల ఊపి, క్షమించమ్మా అన్నాడు. ఈ ట్యాబ్ విషయంలో ఆ మాట అన్న మొదటి మనిషి, ఏ తప్పూ చెయ్యనివాడు. చివరి నలభై నాలుగు పోయాయి. ఏ నలభై నాలుగో నాకు చూడక్కర్లేకుండా తెలుసు. రోడ్డు మాటలన్నీ ఉన్నాయి. ఇంటి మాటల్లో చాలా ఉన్నాయి. మొద్దు నిద్రా లే పోయింది. గిన్నె పోయింది. దుప్పటి కింద ఇద్దరం నవ్విన నవ్వు, ఒక జిగురు పూసిన బ్యాటరీ వెనక, ఒక అప్పడంలాంటి అందం వెనక, పోయింది. ఇంటికెళ్ళి మా అమ్మాయికి ఎలా చెప్పాలి. రాసి చెప్పాలి.

ఏడుపు రాలేదు. ఏడవడానికి తీరిక లేనంత కోపంగా ఉంది. రిపేరాయన మిగిలినవాటిని రెండు చిన్న కార్డుల్లోకి కాపీ చేసి, ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకెక్కడైనా పెట్టుకోమని విడివిడిగా కవర్లలో ఇచ్చి, మళ్ళీ దేంట్లో వెయ్యాలి అని అడిగాడు. తర్వాత ఆ షాపులో సముద్రం చూపించినవాడు అడగని మాట అడిగాడు, ఎక్కడ వాడతారమ్మా. రాశాను. కారులో. ఎండలో. ఇంజను మోత మీద. రోజుకి ఎనిమిది గంటలు. ఒక్క నొక్కుకే పలకాలి, లేకపోతే మనుషులు పోతారు. ఆయన రెండుసార్లు చదివి వెనక అరలోంచి మూడు తీశాడు. ఇది తేలిక, కానీ వేడి పడదు, మీకు వద్దు. ఇది కొత్తది, అప్‌డేట్లు చాలాకాలం ఇస్తారు, కానీ బ్యాటరీ అతికించిందే, మూడేళ్ళకి మళ్ళీ నా దగ్గరికొస్తారు. ఇది గోదాముల్లో సరుకు లెక్కెట్టేవాళ్ళు వాడేది, వాడినదే, చూడ్డానికి బాగోదు, వెనక మూత ఇలా తిప్పితే బ్యాటరీ చేతికొస్తుంది, కార్డు పెట్టుకోవచ్చు, కంపెనీ ఇంకా బ్యాటరీలూ అప్‌డేట్లూ ఇస్తోంది, ఎన్నేళ్ళిస్తారో పెట్టె మీద రాసి ఉంది చదువుకోండి, నా మాట నమ్మక్కర్లేదు. మూడోదాంట్లో ఆయన నా కార్డు పెట్టి గడులు ఎక్కించాక, తీసుకుని బయటికి నడిచాను. నడి ఎండలో పట్టుకుని చూశాను, గడులు కనిపించాయి. చెయ్యి తడుపుకుని నొక్కాను, పలికింది. పార్కింగులో కారు స్టార్టు చేసి, ఎక్సలేటరు తొక్కి, అద్దాలు దించి నొక్కాను, వెనక సీట్లోకి వినపడుతోందో లేదో చూడమని మరిదిని ఎక్కించాను, వినపడుతోందన్నాడు. డాష్‌బోర్డు మీద ఎండలో అరగంట వదిలేసి, నీడలో నిలబడి, దాన్నే చూస్తూ ఉన్నాను. అది కళ్ళు మూసుకోలేదు. మళ్ళీ నొక్కాను. నా గొంతు, అద్దం చూడండి, వెంటనే.

షాపులోకి తిరిగొచ్చి అదే కావాలని వేలు చూపించాను. మరిది దాన్ని చేత్తో తూచి, ఇటుకలా ఉంది వదినా అన్నాడు, నలుగురిలో పట్టుకుంటే ఏం బాగుంటుంది, సర్లే, కొన్నాళ్ళు వాడు, తర్వాత మంచిది చూద్దాం, అప్పుడు నేనే వస్తాను, జరిగిందేదో జరిగింది, ఎవరి తప్పూ కాదుగా, వస్తువులన్నాక పాడవుతాయి, పద, అన్నయ్య ఎదురుచూస్తుంటాడు. తాళం చెవులు వేలికి తిప్పుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను బల్ల మీద కూర్చుని, ట్యాబ్ మోకాళ్ళ మీద పెట్టుకుని, టైపు చేసి, గొంతు పూర్తిగా పెంచి, నొక్కాను. యంత్రం గొంతు, వార్తలు చదివే ఆవిడ గొంతులాంటిది, నాకు ఏమీ కాని గొంతు, ఆ రేకుల గదంతా నిండింది.

"నేను మాట్లాడుతున్నాను. అయ్యేదాకా ఆగు."

మరిది వెనక్కి తిరిగాడు. రిపేరాయన తల వంచుకుని ఏదో మర బిగించడం మొదలుపెట్టాడు. మరిది నా వైపు చూశాడు, ట్యాబ్ వైపు చూశాడు, తాళం చెవులు జేబులో వేసుకున్నాడు. నేను మొదటి వాక్యం టైపు చెయ్యడం మొదలుపెట్టాను, రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం. చాలాసేపు పట్టింది. తొందరపడలేదు. అతను నిలబడే ఉన్నాడు.